హిజామా కప్పు: వేయించే ముందు అడగవలసినవి



మన సంఘం దాతలు ఈ మధ్య తరచుగా ఒక మాట అడుగుతున్నారు. పిల్లలకు పుస్తకాలు, పేద ఇళ్ళకు రమజాన్ రేషన్ ఎలాగూ ఇస్తున్నాం కదా, ఒకరోజు ఉచిత హిజామా క్యాంపు కూడా పెట్టకూడదా అని. అడగడానికి కారణం ఉంది. అమలాపురం, రాజోలు, కొత్తపేట చుట్టుపక్కల నుంచి కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్ళి పనిచేసి వచ్చినవారు మన ఇళ్ళలో ఎందరో. అక్కడి హిజామా సెంటర్లు చూసి వచ్చారు. నడుం మీద గుండ్రటి మచ్చలు చూపించి, ఎంత తేలికైందో చెబుతారు. ఇక్కడ చూస్తే కొబ్బరి దింపు, ఒలుపు కార్మికులు, ఊడ్పులకు వంగి నడుం పట్టేసిన ఆడవాళ్ళు, రోజంతా కుట్టుమిషను మీద కూర్చునేవారు. నొప్పి లేని ఇల్లు లేదు. పైగా హిజామా సున్నత్ అన్న గౌరవం ఒకటి. కొందరైతే మొబైల్లో వీడియోలు చూసి, ప్లాస్టిక్ కప్పుల పెట్టె తెప్పించుకుని, ఇంట్లోనే గాట్లు పెట్టుకుంటున్నారు. ఈ చివరి సంగతి విన్న తరువాతే ఈ వ్యాసం రాయాలనిపించింది.

మేము వైద్యులం కాము, బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం. హకీములు, డాక్టర్లు, ఆలిములు చెప్పినదాన్ని, పుస్తకాల్లో ఉన్నదాన్ని దాతలకు అర్థమయ్యేలా పెట్టడమే మా పని.

అరబ్బీలో ‘హజ్మ్’ అంటే పీల్చడం. హిజామా అన్న మాట అందులోంచే వచ్చింది. చర్మం మీద కప్పు బోర్లించి, లోపలి గాలి తగ్గించి, చర్మాన్ని పైకి లాగించడం ఈ చికిత్స. గాటు పెట్టకుండా కప్పు మాత్రమే వేస్తే పొడి హిజామా. ముందు కప్పు వేసి తీసి, ఉబ్బిన చోట సన్నని గాట్లు పెట్టి, మళ్ళీ కప్పు వేసి కొద్దిగా రక్తం తీస్తే తడి హిజామా. యునానీ హకీములు మొదటిదాన్ని ‘హిజామా బిలా షర్త్’ అనీ, రెండోదాన్ని ‘హిజామా బిల్ షర్త్’ అనీ అంటారు. ఈ తేడా దాతలు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. మొదటిది వేడినీళ్ళ కాపడానికి కాస్త పెద్దన్న లాంటిది. రెండోది చిన్నదే అయినా శస్త్రచికిత్స. మనవాళ్ళు రెండిటినీ ఒకే పేరుతో పిలవడం వల్లే సగం చిక్కులు వస్తున్నాయి.

ఇది మనకే, అరబ్బులకే పరిమితమైన వైద్యం కాదు. చైనాలో దీనికి రెండువేల ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. 1973లో అక్కడి మావాంగ్‌దుయ్ అనేచోట క్రీస్తుపూర్వం 168 నాటి సమాధిని తవ్వినప్పుడు పట్టుబట్ట మీద రాసిన వైద్యగ్రంథాలు దొరికాయి. వాటిలో పశువు కొమ్ముతో పీల్చి చేసే చికిత్స ప్రస్తావన ఉంది. నాలుగో శతాబ్దంలో గె హోంగ్ అనే వైద్యుడు కూడా కొమ్ము గురించి రాశాడు. తరువాత కొమ్ము పోయి వెదురు కప్పులు, ఆపైన గాజు కప్పులు వచ్చాయి. వాళ్ళ సిద్ధాంతం ప్రకారం ఒంట్లో ‘చీ’ అనే ప్రాణశక్తి, రక్తం ఎక్కడో ఆగిపోతే నొప్పి పుడుతుంది, కప్పు దాన్ని కదిలిస్తుంది. 2016 రియో ఒలింపిక్స్‌లో అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ భుజాల మీద ఊదారంగు మచ్చలు టీవీలో కనిపించాక ప్రపంచమంతా దీన్ని గురించి అడగడం మొదలుపెట్టింది.

మన దేశంలోనూ ఉంది. సుశ్రుత సంహితలో చెడు రక్తం తీయడానికి మూడు సాధనాలు చెప్పారు: ఆవు కొమ్ము, జలగ, ఆనపకాయ బుర్ర. ఎండిన బుర్ర లోపల దీపం పెట్టి ఒంటికి ఆనించడం ఆ పద్ధతి. అంటే మన పెరట్లో పాదుకు కాసే ఆనపకాయకూ ఈ వైద్యంలో చోటుందన్నమాట. మా పిల్లలకు ఈ సంగతి చెబితే నవ్వారు.

ఇస్లామీయ వైద్యంలో దీన్ని బాగా పెంచినవారిలో ఇబ్నె సీనా (980–1037) ఒకరు. ఆయన ‘అల్ ఖానూన్’ శతాబ్దాలపాటు ఇటు మన హకీములకూ, అటు యూరప్ వైద్యులకూ పాఠ్యగ్రంథం. అంతకు ముందు తరంలో అందులూసియాలో అల్ జహ్రావీ శస్త్రచికిత్స పనిముట్ల బొమ్మలు గీసి మరీ రాశారు. నిజాముల కాలంలో హైదరాబాదులో యునానీకి రాజాదరణ దొరికింది. చార్మినార్ పక్కన ఇప్పటికీ ప్రభుత్వ నిజామియా తిబ్బీ కళాశాల, ఆసుపత్రి నడుస్తున్నాయి. ఎర్రగడ్డలో కేంద్రప్రభుత్వం నడిపే యునానీ పరిశోధనా సంస్థ ఉంది. మన రాష్ట్రంలో కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ యునానీ వైద్య కళాశాల ఉంది. మందు లేకుండా చేసే చికిత్సలను యునానీలో ‘ఇలాజ్ బిత్ తద్బీర్’ అంటారు. మర్దన, ఆవిరి, జలగలు, హిజామా అన్నీ అందులోవే. బి.యు.ఎం.ఎస్. చదివే విద్యార్థులకు ఇది పాఠ్యాంశం. నాలుగున్నర ఏళ్ళ చదువు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్ చేసినవారికే ఆ పట్టా వస్తుంది. రెండు రోజుల శిక్షణకు హాజరై సర్టిఫికెట్ తగిలించుకున్నవారికీ వీరికీ ఎంత దూరమో వేరే చెప్పనక్కర్లేదు.

కప్పు ఎలా పనిచేస్తుంది? ఇది బడిలో మేము చేయించే ప్రయోగమే. పళ్ళెంలో నీళ్ళు పోసి, గాజు గ్లాసులో కాగితం ముక్క వెలిగించి బోర్లిస్తే, మంట ఆరగానే నీళ్ళు గ్లాసులోకి ఎక్కుతాయి. పాత గైడ్లలో ఆక్సిజన్ ఖర్చయిపోయి ఆ చోటులోకి నీళ్ళెక్కాయని రాసేవారు. అసలు కారణం వేరు. వేడికి గాలి వ్యాకోచించి కొంత బయటికి పోతుంది. చల్లారాక లోపల ఒత్తిడి తగ్గి, బయటి గాలి నీటిని లోపలికి నెడుతుంది. కప్పులో జరిగేదీ ఇదే, కాకపోతే నీటి బదులు మన చర్మం. సముద్రం ఒడ్డున ఉన్న మన కోనసీమలో ప్రతి చదరపు సెంటీమీటరు మీద గాలి సుమారు 1 కిలో బరువంత ఒత్తిడి పెడుతూ ఉంటుంది. 5 సెంటీమీటర్ల వెడల్పున్న కప్పు మూతి దాదాపు 20 చదరపు సెంటీమీటర్లు. లోపలి ఒత్తిడి నాలుగోవంతు తగ్గినా, చర్మాన్ని 5 కిలోల బరువంత బలంతో లాగినట్టు. ఇప్పుడు మంట బదులు చేతి పంపుతో గాలి లాగే ప్లాస్టిక్ కప్పులు వచ్చాయి. ఒళ్ళు కాలే ప్రమాదం తగ్గింది కాబట్టి అది మంచి మార్పే.

అంత బలంతో లాగినప్పుడు ఆ చోటికి రక్తం ఎక్కువగా చేరుతుంది. చర్మం కింద ఉన్న వెంట్రుకల్లాంటి సన్నని రక్తనాళాలు కొన్ని చిట్లుతాయి. ఆ రక్తం చర్మం కిందే నిలిచి ఎర్రగా, తరువాత ఊదాగా కనిపిస్తుంది. దెబ్బ తగిలితే కమిలినట్టే ఇదీ. వారం, పది రోజుల్లో పోతుంది. మచ్చ ఎంత నల్లగా వస్తే ఒంట్లో అంత విషం ఉన్నట్టని చెప్పేవారున్నారు. మచ్చ రంగు కప్పు ఎంత గట్టిగా, ఎంతసేపు వేశారన్నదాని మీద, మనిషి చర్మం మీద ఆధారపడుతుంది. రోగాన్ని కొలిచే కొలబద్ద కాదు అది.

‘చెడు రక్తం’ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే డబ్బు పోయేది అక్కడే. కప్పులో జెల్లీలా గడ్డకట్టిన ముదురు రక్తాన్ని చూపించి, చూశారా మీ ఒంట్లోంచి ఎంత మలినం వచ్చిందో అంటారు. బయటికి వచ్చిన ఏ రక్తమైనా నిమిషాల్లో గడ్డకడుతుంది. ఆరోగ్యవంతుడి రక్తమైనా అంతే. గడ్డకట్టకపోతేనే భయపడాలి. పెద్దవారి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం క్షణం ఆగకుండా తిరుగుతూ ఉంటుంది. వీపు మీద నాలుగు చోట్ల తీసిన కొద్దిపాటి రక్తంలోకి మలినమంతా ఏరుకుని వచ్చే దారి లేదు. మలినాలు తీసేందుకు అల్లాహ్ మనకు కాలేయం, మూత్రపిండాలు ఇచ్చాడు. పాత హకీముల మాటకు మాత్రం వేరే లెక్క ఉంది. వారు రక్తం, శ్లేష్మం, పసుపు పిత్తం, నల్ల పిత్తం అనే నాలుగు రసాల సమతూకంగా ఒంటిని చూశారు. రసం అదుపు తప్పితే తోడేయాలన్నారు. ఆ సిద్ధాంతం ఆ కాలపు శాస్త్రం. దాన్ని గౌరవిస్తూనే, ఈనాటి రక్తపరీక్షల మాటలతో కలిపి గందరగోళం చేయకుండా ఉండటం మంచిది.

మరి హిజామాతో లాభం లేదా? ఉంది, కొంత. మెడనొప్పి, నడుంనొప్పి ఉన్నవారి మీద వివిధ దేశాల్లో చేసిన పరిశోధనల్లో కప్పు చికిత్స తరువాత కొంతకాలం నొప్పి తగ్గినట్టు కనిపించింది. అయితే ఆ పరిశోధనలు చాలావరకు కొద్దిమంది మీద చేసినవి. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మందుబిళ్ళనైతే సగంమందికి ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చి పోల్చి చూడవచ్చు. కప్పు వేశారో లేదో రోగికి తెలియకుండా ఉంచడం ఎలా? అందుకే పండితులు ఆశాజనకం అంటారు గాని నిర్ధారణ అయిందనరు. బి.పి., షుగరు, గుండె, కిడ్నీ, క్యాన్సర్ నయమవుతాయన్న ప్రచారానికైతే ఆ మాత్రం ఆధారం కూడా లేదు.

ఇక్కడే మా ఆందోళన. హిజామా చేయించుకుని, తేలికగా ఉందని బి.పి. బిళ్ళలు మానేసినవారు మన మధ్య ఉన్నారు. నొప్పి తగ్గితే మనిషికి తెలుస్తుంది. బి.పి. పెరిగితే తెలియదు. పక్షవాతం వచ్చాకే తెలుస్తుంది. సున్నత్ పేరు విని బిళ్ళ మానేసేది ఎక్కువగా చదువుకోని పేదవారు. మనం ఉచిత క్యాంపు పెడితే వచ్చేదీ వారే.

ప్రవక్త (స) హిజామా చేయించుకున్నారు, దాన్ని మంచి చికిత్సల్లో ఒకటిగా చెప్పారు. సహీహ్ బుఖారీలో ఈ హదీసులున్నాయి. ఇహ్రామ్‌లో ఉండగా తలనొప్పికి తలపై హిజామా చేయించుకున్నట్టు కూడా ఉంది. కానీ అదే హదీసు గ్రంథాల్లో మరికొన్ని సంగతులున్నాయి, వాటిని మనవాళ్ళు అంతగా చెప్పుకోరు. హజ్రత్ ఉబై బిన్ కఅబ్ (రజి) జబ్బుపడితే ప్రవక్త (స) ఆయన దగ్గరకు వైద్యుణ్ణి పంపారని సహీహ్ ముస్లింలో ఉంది. హజ్రత్ సఅద్ (రజి) ఛాతీ నొప్పితో ఉన్నప్పుడు హారిస్ బిన్ కలదా అనే వైద్యుడి వద్దకు వెళ్ళమన్నట్టు అబూ దావూద్‌లో ఉంది. తెలిసినవారి దగ్గరకు వెళ్ళడం కూడా సున్నతే కదా. అన్నిటికంటే మన సంఘానికి తగిలే హదీసు ఇంకొకటి. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని దాని భావం. అబూ దావూద్, నసాయీ, ఇబ్నె మాజా గ్రంథాల్లో ఉంది. అలాంటివాణ్ణి పిలిపించి, షామియానా వేయించి, పేదవాణ్ణి అతని ముందు కూర్చోబెట్టినవారి మాటేమిటని మేము ఆలిములను అడిగాము. వారు నవ్వి, మీరే ఆలోచించుకోండి అన్నారు.

ప్రమాదాలు ఊహించి చెబుతున్నవి కావు. తడి హిజామాలో కప్పుకూ బ్లేడుకూ రక్తం అంటుతుంది. ఒకరికి వాడినదే మరొకరికి వాడితే హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్‌ఐవి పాకవచ్చు. వేడినీళ్ళలో కడిగాం, డెట్టాల్ వేశాం అంటే చాలదు. రక్తం పలచబడే మందులు వాడేవారికి, అంటే గుండెకు స్టెంట్ వేయించుకుని క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ వేసుకునేవారికి, వార్ఫరిన్ వాడేవారికి గాటు పెడితే రక్తం ఆగడం కష్టం. షుగరు అదుపులో లేనివారికి గాటు పుండవుతుంది. గర్భిణులకు, రక్తహీనత ఉన్నవారికి తడి హిజామా వద్దు. మాటిమాటికీ చేయించుకుని రక్తహీనత తెచ్చుకున్నవారి ఉదంతాలు వైద్యపత్రికల్లో ఉన్నాయి. మన ఆడవాళ్ళలో రక్తం తక్కువగా ఉండటం ఎంత మామూలో తెలిసిందే. పుట్టుమచ్చలు, ఉబ్బిన నరాలు, పుండ్లు ఉన్నచోట కప్పు వేయకూడదు.

కాబట్టి క్యాంపు పెట్టేటట్టయితే ఎలా ఉండాలి? ముందుగా, చేసేవారు బి.యు.ఎం.ఎస్. పట్టా, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న హకీము అయి ఉండాలి. మనకు దగ్గర్లో యునానీ కళాశాల లేదు కాబట్టి కర్నూలు నుంచో హైదరాబాదు నుంచో పిలిపించుకోవాలి, ప్రయాణ ఖర్చులు భరించాలి. కప్పు, బ్లేడు, గ్లవ్స్ మనిషికొకటి చొప్పున కొత్త ప్యాకెట్ ఆ మనిషి కళ్ళ ముందే విప్పాలి, అక్కడికక్కడే పారేయాలి. ముందు టేబుల్ దగ్గర బి.పి., షుగరు, హిమోగ్లోబిన్ చూడాలి, వాడుతున్న మందులు రాసుకోవాలి. హకీము వద్దంటే వద్దు, ఎంత దూరం నుంచి వచ్చినా సరే. వాడేసిన బ్లేడ్లు గుచ్చుకోని తెల్ల డబ్బాలో, రక్తం అంటిన దూది పసుపు సంచిలో, ప్లాస్టిక్ కప్పులు ఎర్ర సంచిలో వేసి, ఆసుపత్రి వ్యర్థాలు తీసుకెళ్ళేవారికి అప్పగించాలి. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనలు ఆరోగ్య క్యాంపులకు కూడా వర్తిస్తాయి. కాలువ గట్టున పోసి రావడానికి లేదు. చివరగా ప్రతి మనిషి చేతిలో తెలుగులో ఒక చీటీ: మీ మందులు మానవద్దు, గాటు వాచినా చీము పట్టినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి, రక్తదానానికి వెళ్ళినప్పుడు హిజామా చేయించుకున్న సంగతి, తేదీ చెప్పండి.

ఇలా చేస్తే రోజుకు పట్టుమని పాతికమందికి కూడా జరగకపోవచ్చు. సావనీరులో పెద్ద అంకె వేసుకోవాలన్న ఆశ ఏ సంఘానికైనా ఉంటుంది. వందమందికి హిజామా అని ఫొటో వేస్తే బాగానే ఉంటుంది. ఒక్క హకీము ఒక్కరోజులో వందమందికి చేశాడంటే కొత్త ప్యాకెట్లు విప్పే తీరిక ఎక్కడ దొరికిందని మీరు అడగాలి. ఒలుపు కార్మికుల నడుంనొప్పికైతే గాటు లేని పొడి హిజామా, దానితోపాటు రెండు మూడు వ్యాయామాలు నేర్పడం చాలామటుకు సరిపోతుందని మా అభిప్రాయం. ఖర్చు తక్కువ, భయమూ తక్కువ.

ఆడవారికి హకీమా, అంటే పట్టా ఉన్న మహిళా వైద్యురాలు, విడిగా పరదా గది తప్పనిసరి. ఉమ్మె సలమా (రజి) హిజామాకు అనుమతి అడిగినప్పుడు ప్రవక్త (స) అబూ తైబాకు ఆ పని అప్పగించారని, అతడు ఆమెకు పాల వరుస సోదరుడో, యుక్తవయసు రాని పిల్లవాడో అయి ఉంటాడని సహీహ్ ముస్లింలో ఉంది. అంత జాగ్రత్త ఆ రోజుల్లోనే తీసుకున్నారు.

తేదీల సంగతి. చాంద్రమాసం 17, 19, 21 తేదీలు మేలని హదీసుల్లో వచ్చింది కాబట్టి చాలామంది ఆ రోజులే కావాలంటారు. ఆ రోజుల్లో హకీము దొరికితే మంచిదే, దొరకకపోతే దొరికిన రోజే. తేదీ కుదిరిందని పట్టా లేనివాణ్ణి పిలవకూడదు. రమజాన్‌లో పగలు పెట్టవద్దు. హనఫీ మస్‌లక్‌లో హిజామాతో రోజా భంగం కాదు, హంబలీలో అవుతుందంటారు. ఎలా చూసినా ఉపవాసంతో రక్తం తీయిస్తే కళ్ళు తిరుగుతాయి.

ఇక డబ్బు. హకీముకు ఫీజు ఇవ్వాలా, సేవాభావంతో ఉచితంగా చేయాలా అని కొందరు అడుగుతున్నారు. తనకు హిజామా చేసిన అబూ తైబాకు ప్రవక్త (స) ధాన్యం కొలిపించి ఇచ్చారు, అతని యజమానులతో మాట్లాడి అతను కట్టవలసిన సొమ్ము తగ్గించారు. అది నిషిద్ధమైతే ఇచ్చేవారే కాదని ఇబ్నె అబ్బాస్ (రజి) అన్నారు. మనమూ ఇద్దాం. అయితే ఆ ఫీజుకు, కప్పులకు, షామియానాకు జకాత్ సొమ్ము వాడటానికి లేదు. హనఫీ ఫిఖ్‌లో జకాత్ పేదవాడి చేతికి అతని సొంతంగా అందాలి, దాన్నే తమ్లీక్ అంటారు. క్యాంపు ఖర్చు జకాత్ కాని సదఖా, లిల్లాహ్ ఖాతాల నుంచే రావాలి. ఈ ఏడాది రసీదు పుస్తకంలో ‘జకాత్’, ‘సదఖా’, ‘లిల్లాహ్’ గళ్ళు విడివిడిగా అచ్చు వేయించాము. క్యాంపు కోసం ఇచ్చేవారు లిల్లాహ్ గడిలో టిక్కు పెట్టి, పక్కన ‘హిజామా’ అని రాయించుకోండి. క్యాంపు కుదరకపోతే ఆ సొమ్ము బి.పి., షుగరు బిళ్ళలకు మళ్ళించవచ్చో లేదో కూడా అక్కడే రాయండి.